చుక్కల పుస్తకం రాని ఏడాది

మా బీరువా పై అరలో ఉన్న పత్రికల్లో దేన్ని తీసినా, అట్ట మీద కుడివైపు మూలన పెన్సిల్‌తో రాసిన చిన్న తేదీ కనిపిస్తుంది. "అందినది 14-9-84". అది నాన్నగారి చేతిరాత. ఆ సంచిక మీద అచ్చయిన నెల మాత్రం జూన్. అమెరికాలో జూన్ నెల ఆకాశం గురించి రాసిన పుస్తకం విశాఖపట్నంలో మా గుమ్మం దగ్గరికి సెప్టెంబరులో వచ్చింది.

అదొక ఖగోళ మాసపత్రిక. మా ఇంట్లో దాన్ని ఎవరూ అసలు పేరుతో పిలిచేవారు కాదు. అమ్మ "చుక్కల పుస్తకం" అంది, అదే స్థిరపడిపోయింది. పోస్ట్‌మ్యాన్ గారు కూడా గేటు దగ్గర నుంచి "చుక్కల పుస్తకం వచ్చిందండీ" అనే కేకేసేవారు.

నాన్నగారు పోర్టులో గుమాస్తా. ఆ జీతంతో డాలర్లలో చందా కట్టి పత్రిక తెప్పించుకోవడం జరిగే పని కాదు. మా పెద్దమామయ్య 1979లో ఉద్యోగానికి న్యూజెర్సీ వెళ్ళారు. చిన్నప్పుడు బావా బావమరుదులిద్దరూ మేడ మీద చాప వేసుకుని చుక్కలు లెక్కపెట్టేవారట. 1983లో మామయ్య తన కోసం ఈ పత్రికకు చందా కడుతూ, బావగారి పేరు మీద ఇంకొకటి కట్టారు. విమానంలో పంపాలంటే ఖర్చు ఎక్కువ కాబట్టి ఓడ దారిన. నాన్నగారికి దాంట్లో లోటేమీ కనిపించలేదు. పోర్టులో పనిచేసే మనిషికి ఓడల రాకపోకలు కంఠతా. రాత్రి అన్నం తింటూ "మన పుస్తకం ఈపాటికి సూయజ్ దాటుంటుంది" అనేవారు. నేను నిజంగానే దాటుంటుందని నమ్మి, అట్లాసులో ఎర్రసముద్రం మీద వేలు పెట్టి, రోజుకి కొంచెం చొప్పున కిందకి జరిపేవాణ్ణి.

మూడు నెలలు పాత పుస్తకం దేనికి పనికొస్తుందని అడిగేవాళ్ళుండేవారు. నాన్నగారి దగ్గర దానికి సమాధానం ఉండేది. నక్షత్రాలు ఏడాదికోసారి అదే తేదీకి, అదే వేళకి అదే చోటికి వస్తాయి. కనక ఈ జూన్ పటం వచ్చే జూన్‌కి కూడా పనికొస్తుంది. కదిలేవి గ్రహాలు మాత్రమే. అందుకని పటంలో అచ్చయిన గ్రహాలను పెన్సిల్‌తో కొట్టేసి, పంచాంగం దగ్గర పెట్టుకుని, వచ్చే ఏడాది గురుడు ఏ రాశిలో, శని ఏ రాశిలో అని చూసి కొత్త గుర్తులు వేసేవారు. ఆ పెన్సిల్ గుర్తులున్న పటాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఇంకో సవరణ కూడా చేసుకోవాలి. ఆ పత్రిక మధ్యలో వచ్చే గుండ్రటి పటం ఉత్తర అక్షాంశం 40 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్ళ కోసం గీసింది. అంటే మామయ్య ఇంటి పెరట్లో నిలబడితే అచ్చంగా సరిపోతుంది. విశాఖపట్నం 17.7 డిగ్రీల మీద ఉంది. మామయ్య వాళ్ళకు ఆకాశంలో బాగా ఎత్తున ఉండే ధ్రువ నక్షత్రం మనకు కొండల మీద వాలినట్టు కనిపిస్తుంది. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. రెండు చోట్లకీ తేడా "రెండు పిడికిళ్ళు, రెండు వేళ్ళు" అనేవారు నాన్నగారు. ఉత్తరాన ఉన్నవి అంత కిందకి దించుకోవాలి, దక్షిణాన ఉన్నవి అంత పైకెత్తుకోవాలి. నేను బళ్ళో కోణాలు నేర్చుకోకముందే ఈ పిడికిళ్ళ లెక్క నేర్చుకున్నాను. తర్వాత లెక్కల మాస్టారినయ్యానంటే అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఓడ దారి ఒక్కసారి మాత్రం మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. 1986లో హేలీ తోకచుక్క వచ్చింది. 76 ఏళ్ళకోసారి వచ్చేది. మార్చి సంచిక మాకు జూన్‌కి గానీ చేరదని తెలిసి, మామయ్య తన సంచికలోని పటం కత్తిరించి ఎయిర్ మెయిల్ కవర్లో పెట్టి పంపారు. ఆ కాగితం చేత పట్టుకుని నాన్నగారు, నేను తెల్లవారుజామున నాలుగింటికి రామకృష్ణా బీచికి నడిచి వెళ్ళాం. నాకు పన్నెండేళ్ళు. సముద్రం మీద, ఆగ్నేయ దిక్కున, పొగమరక లాంటిదొకటి ఉంది. తోక కుడివైపుందో ఎడమవైపుందో నాకు అర్థం కాలేదు. నాన్నగారు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తెల్లారాక ఇంటికి వచ్చేటప్పుడు డాబాగార్డెన్స్ మీదుగా తీసుకొచ్చి, "ఇక్కడే ఉండేది" అని చూపించారు. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు మన ఊళ్ళో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ఈయన ఇక్కడి నుంచి చూసి రాసిన వివరాలు లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి పత్రికలో అచ్చయ్యాయి. "ఆయన కాగితాలూ ఓడెక్కే వెళ్ళుంటాయి కదా" అన్నారు నాన్నగారు. నాకు ఆ మాట ఎంత బాగా నచ్చిందో! పత్రిక ఎక్కడో అచ్చయినా మన ఊరికీ దానికీ ఒక దారి ఉందనిపించింది.

తర్వాత తర్వాత అంతా సులువైపోయింది. పత్రిక విమానంలో రావడం మొదలైంది. నాకు ఉద్యోగం వచ్చాక చందా నేనే కట్టుకున్నాను. నెల మొదలుకాకముందే సంచిక చేతికి వచ్చేది. నాన్నగారు 2011లో పోయేదాకా "అందినది" రాస్తూనే ఉన్నారు. ఆయన తర్వాత నేను రాయడం మానేశాను. పదిరోజుల్లో వచ్చేదానికి తేదీ ఎందుకు అనుకున్నాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి కిటికీ ఎగిరిపోయినప్పుడు కింది అరల్లోని సంచికలన్నీ తడిసి ముద్దయ్యాయి. సుమారు పదేళ్ళవి పోయాయి. ఆ వారమంతా ఊళ్ళో కరెంటు లేదు. ఇల్లంతా బురదగా ఉన్నా, రాత్రి మేడ ఎక్కితే నా చిన్నప్పటి ఆకాశం కనిపించింది. పాలపుంతను నేను మా ఇంటి మీద నుంచి చూసింది ఆ వారమే.

ఇక 2020.

ఏప్రిల్ సంచిక మార్చి మూడో వారంలో వచ్చింది. అదే ఆఖరుదని అప్పుడు తెలియదు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మనలో చాలామందికి అప్పటిదాకా తెలియని సంగతి ఏమిటంటే, ఉత్తరాలు, పత్రికలు ఎక్కువగా వచ్చేది ఆ విమానాల్లోనే. పైన మనుషులు కూర్చుంటారు, కింద అరలో వాళ్ళ పెట్టెల పక్కన తపాలా సంచులుంటాయి. మనుషులు రాకపోతే ఆ సంచులూ రావు. తిరిగే కొద్దిపాటి సరుకు విమానాల్లో మందులు, కిట్లు, మాస్కులు రావాలి. అది న్యాయం. ఆ వరసలో నా చుక్కల పుస్తకం ఎక్కడో చివర ఉండాలని నాకూ తెలుసు. అయినా రోజూ పదకొండు గంటలకి గేటు వైపు చూడడం మానలేకపోయాను.

ఆ ఏప్రిల్ సంచికను మాత్రం నేను అక్షరం వదలకుండా వాడుకున్నాను. ఏప్రిల్ 3 సాయంత్రం శుక్రుడు కృత్తికల గుంపులోకి వచ్చాడు. ఎనిమిదేళ్ళకోసారి అలా వస్తాడు. అమ్మను చేయి పట్టుకుని మేడ మెట్లు ఎక్కించాను. కృత్తికలను అమ్మ "పిల్లలకోడి" అంటుంది. కాసేపు చూసి, "పిల్లల మధ్యలో దీపం పెట్టినట్టుంది" అంది. బైనాక్యులర్‌లో చూస్తే నిజంగా అలాగే ఉంది. రెండు రోజుల తర్వాత, 5వ తేదీ రాత్రి తొమ్మిదింటికి దేశమంతా లైట్లార్పి దీపాలు పెట్టారు. మా వీధి అంతా ప్రమిదలు. అప్పటికి శుక్రుడు పడమట బాగా దిగిపోయాడు, సింహాచలం కొండ వైపు. ఆ తొమ్మిది నిమిషాలూ నేను దీపాలు చూడాలో చుక్కలు చూడాలో తెలియక అటూ ఇటూ తిరిగాను.

మే సంచిక రాలేదు. పోస్ట్‌మ్యాన్ గారు ముఖానికి చేతిరుమాలు కట్టుకుని మందుల పార్సిళ్ళు, పింఛన్లు ఇచ్చుకుంటూ తిరిగేవారు. నేను అడగకముందే దూరం నుంచి చెయ్యి ఊపి, "లేదండి మాస్టారూ, ఫారినువి ఏవీ రావట్లేదు" అనేవారు. మే 7 తెల్లవారుజామున మా ఊళ్ళో గ్యాస్ లీకై వెంకటాపురం జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీకట్లో పరుగెత్తారు. ఆ తర్వాత చాలా రోజులు పత్రిక అన్నమాటే నాకు గుర్తు రాలేదు.

జూన్ వచ్చింది, జూన్ సంచికా రాలేదు. పత్రిక వాళ్ళకు మెయిల్ రాస్తే మర్యాదగా జవాబిచ్చారు. అచ్చవుతోంది, పోస్టూ చేస్తున్నాం, తీసుకెళ్ళే విమానాలు లేవు, మీరు కంప్యూటర్‌లో చదువుకోండి అని. చదివాను. కానీ ఆ పుస్తకం గదిలో కూర్చుని చదివేది కాదు. చీకట్లో మేడ మీద చదివేది. మన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట పడుతుంది. ఫోను ఒక్కసారి వెలిగిస్తే ఆ అరగంటా వృథా. నాన్నగారు టార్చిలైటు అద్దానికి ఎర్రటి పలచని కాగితం చుట్టి, ఆ ఎర్ర వెలుతురులో పటం చూసేవారు. ఎరుపు కంటిని అంతగా చెదరగొట్టదు. కాగితం, ఎర్ర టార్చి, తల పైకెత్తడం, తల దించడం. నాకు ఆకాశం చూడడమంటే ఇదంతా కలిపే.

ఒక ఆదివారం పొద్దున్న మామయ్య ఫోన్ చేశారు. అప్పటికి ఆయనకు 78 ఏళ్ళు. మాకు పొద్దున్న ఏడైతే వాళ్ళకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. పిల్లలు గడప దాటనివ్వడం లేదని, వాళ్ళే సరుకులు గుమ్మం బయట పెట్టి వెళ్తున్నారని చెప్పారు. మాటల్లో పత్రిక రావట్లేదని అన్నాను. అటు నుంచి చప్పుడు లేదు. తర్వాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"నాకొచ్చిందిరా. పెన్నూ కాగితం తెచ్చుకో" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మామయ్య ఫోన్లో చుక్కల పుస్తకం చదివి వినిపించారు. ఇంగ్లీషులో ఒక పేరా చదివి, తెలుగులో చెప్పేవారు. పటం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని చూస్తున్నట్టుగా వర్ణించేవారు. "వృశ్చికం నాకు చెట్ల వెనకాల ఉందిరా, సగం తోక కనపడదు. నీకు రెండు పిడికిళ్ళు పైకి వచ్చేస్తుంది కదా, మొత్తం కనపడాలి. కనపడుతోందా?" నేను నోటు పుస్తకంలో గీసుకునేవాణ్ణి. ఫొటోలు తీసి పంపించమని అనొచ్చు. పంపేవారు కూడా. కానీ నేను అడగలేదు, ఆయనా అనలేదు. ఇద్దరికీ ఆ గంట కావాలి.

జులైలో బీరువా తీశాను. పాత జులై సంచికల కోసం వెతికితే 2008 జులై దొరికింది. తుఫానులో తడవకుండా మిగిలినవాటిలో ఒకటి. పటం తెరిస్తే గురుడు ధనూరాశిలో ఉన్నాడు. మేడ ఎక్కి చూస్తే 2020లోనూ గురుడు ధనూరాశిలోనే, మూడు వేళ్ళ ఎడంలో. ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి పన్నెండేళ్ళకు కాస్త తక్కువ పడుతుంది. మన పుష్కరాల లెక్క దాని మీదే కదా. తుంగభద్రకు 2008లో పుష్కరాలు వచ్చాయి, మళ్ళీ 2020లో వచ్చాయి. ఇదంతా తెలిసినవాణ్ణే. అయినా ఎర్ర టార్చి వెలుతురులో, గురుడి పక్కన నాన్నగారి పెన్సిల్ గుర్తు, అట్ట మీద "అందినది 21-6-08" చూసేసరికి గొంతు పట్టేసింది. ఆ సంచిక ఆయన చేతుల్లో ఉన్న రోజున గురుడు ఇక్కడే ఉన్నాడు.

ఆ నెలలోనే నియోవైజ్ తోకచుక్క వచ్చింది. అంతకుముందు అట్లాస్ అనే తోకచుక్క మేలో కంటికి కనిపిస్తుందని అందరూ ఆశపెట్టుకుంటే, అది ఏప్రిల్‌లోనే ముక్కలైపోయింది. నియోవైజ్‌ను మాత్రం అంతరిక్షంలోని టెలిస్కోపు మార్చి 27నే పట్టుకుంది, మన లాక్‌డౌన్ మొదలైన మూడో రోజున. జులై 3న సూర్యుడికి అతి దగ్గరగా వెళ్ళి, మాడిపోకుండా బయటపడింది. మామయ్య ఆ వారం ఆదివారం దాకా ఆగలేదు. వాళ్ళకు రాత్రి, నాకు పొద్దున్న.

"ఒరేయ్, చూశాను. తోక ఉంది. పుస్తకంలో దీని మాటే లేదు, నువ్వు రాసుకో" అన్నారు. సాయంత్రం చీకటి పడగానే వాయవ్యాన, సప్తర్షుల కింద. నీకు ఇంకా కిందకి ఉంటుంది, తొందరగా చూడు, ఆలస్యం చేస్తే మసకబారిపోతుంది.

విశాఖపట్నంలో జులై అంటే ఏమిటో ఆయనకు తెలియంది కాదు. 15న మబ్బు. 16న వాన. ఆ తర్వాత వరసగా మబ్బే. రోజూ సాయంత్రం ఏడింటికి బైనాక్యులర్ మెడలో వేసుకుని మేడ ఎక్కడం, ఎనిమిదింటికి దిగడం. ఆయన రోజూ ఫోన్ చేసి "ఏమైంది?" అనడం. 22వ తేదీ బుధవారం ఏడున్నరకి సింహాచలం కొండ మీద మబ్బు చీలింది. రెండు పిడికిళ్ళ ఎత్తున, సప్తర్షి మండలం కింద, ఒక మెత్తటి వెలుగు, పైకి దువ్వినట్టు తోక. ఉత్త కంటికి అందలేదు, బైనాక్యులర్‌లో మాత్రం స్పష్టంగా ఉంది. పది నిమిషాలు. మళ్ళీ మూసుకుంది. అది తిరిగి వచ్చేసరికి 6,000 ఏళ్ళు దాటుతుందట. నాకు ఆ పది నిమిషాలు చాలు. మేడ మీద నుంచే మామయ్యకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న పది. "చూశాను మామయ్యా" అన్నాను. ఆయన నాన్నగారి పేరు తీసుకుని ఏదో అన్నారు, సరిగా వినపడలేదు. మళ్ళీ అడగలేదు.

నవంబరులో ఒక రోజు పోస్ట్‌మ్యాన్ గారు గేటు దాటి లోపలికి వచ్చేశారు. రెండు సంచికలు ఒకేసారి, జూన్, ఆగస్టు. ప్లాస్టిక్ రేపర్ చిరిగి, మూలలు నలిగిపోయి ఉన్నాయి. "వచ్చాయండి మాస్టారూ" అన్నారు. ఆయన కళ్ళు చూస్తే మాస్కు వెనక నవ్వుతున్నారని తెలిసింది. సెప్టెంబరు, అక్టోబరు జనవరిలో వచ్చాయి. డిసెంబరు సంచిక ఫిబ్రవరిలో. అప్పటికి డిసెంబరు 21 అయిపోయింది. ఆ సాయంత్రం గురుడు, శని ఒకరి పక్కన ఒకరు, 1623 తర్వాత అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. మా వీధి పిల్లలందరూ వరసలో నిలబడి నా చిన్న టెలిస్కోపులో చూశారు. గురుడి చందమామలు, శని వలయం ఒకే చూపులో. పటం లేకపోయినా ఫరవాలేదు, వాటిని వెతకాల్సిన పని లేదు.

జనవరిలో ఒక ఆదివారం మామయ్య అడిగారు. "అగస్త్యుడు వచ్చాడా?" అగస్త్య నక్షత్రం న్యూజెర్సీలో ఎప్పటికీ ఉదయించదు. మనకు చలికాలం రాత్రి దక్షిణాన సముద్రం మీద రెండు పిడికిళ్ళ ఎత్తుకు వస్తుంది. వచ్చాడని చెప్పాను. ఎంత ఎత్తున ఉన్నాడో, రంగెలా ఉందో, మెరుస్తున్నాడా నిలకడగా ఉన్నాడా, అన్నీ అడిగారు. ఏళ్ళ తరబడి ఆయన మాకు పుస్తకం పంపించారు. మేము ఆయనకు పంపగలిగింది ఈ ఒక్క చుక్క కబురు.

వచ్చిన ప్రతి సంచిక మీద పెన్సిల్‌తో "అందినది" రాయడం మళ్ళీ మొదలుపెట్టాను. మే, జులై మాత్రం రానేలేదు. అరలో వాటి చోటు అట్టముక్కలు పెట్టి ఉంచాను.

2022 మార్చి 27 నుంచి విదేశీ విమానాలు మామూలుగా తిరగడం మొదలయ్యాయి. ఆ ఎండాకాలంలో మామయ్య కూతురు వైజాగ్ వచ్చింది. డాక్టర్లు ఆయన్ని అంత దూరం ప్రయాణం చేయనివ్వలేదు. ఆమె పెట్టెలోంచి చాక్లెట్లు, విటమిన్ మాత్రలు తీసి, అడుగున చీరల మధ్య భద్రంగా పెట్టిన ఒక బ్రౌన్ కవరు అందించింది. "నాన్న దీన్ని చేతికే ఇమ్మన్నారు, పోస్టులో వద్దన్నారు" అంది.

2020 మే, 2020 జులై. ఆయన సొంత సంచికలు.

ముందు అట్టల మీద అందిన తేదీ వేసుకున్నాను. తర్వాత జులై తెరిచాను. మార్జిన్ల నిండా పెన్సిల్ గుర్తులు. నాకు ఫోన్లో ఎక్కడిదాకా చదివారో అక్కడ ఒక గీత, తేదీ. పటం చుట్టూ నా కోసం లెక్కపెట్టిన పిడికిళ్ళు. వెనక పేజీల్లో నెల రోజుల పట్టిక ఉంటుంది, ఏ రోజు ఏమి కనిపిస్తుందో చెప్పేది. దాని పక్కన ఆయన తెలుగులో రాసుకున్నారు. అక్షరాలు వంకరగా, పెద్దవిగా ఉన్నాయి. తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో.

"19 - వైజాగ్‌లో మబ్బు.
20 - మబ్బు.
21 - మబ్బే. వాడి గొంతు బాగాలేదు.
22 - చూశాడు."